అమెరికాలో కాలేజీ విద్యార్థులకు స్నాప్: అర్హత చూసుకోవడం నుంచి కార్డు చేతికొచ్చేదాకా

"స్టూడెంట్లకి ఫుడ్ స్టాంప్స్ రావు కదా ఆంటీ?"

ఫుడ్ స్టాంప్స్ అంటే తక్కువ రాబడి ఉన్నవాళ్లు తిండి సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం నెలనెలా కార్డులో వేసే డబ్బు. దాని ఇప్పటి పేరే స్నాప్. అప్లికేషన్ నింపడానికి సాయం చేద్దామని కూర్చున్న ప్రతిసారీ ఈ మాట వింటాను. కిందటేడాది ఒకమ్మాయి మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఇదే అంది. కమ్యూనిటీ కాలేజీలో రెండో ఏడాది చదువుతోంది. అమ్మానాన్నలు వేరే రాష్ట్రంలో ఉంటారు. మంగళ, గురువారాల్లో పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా క్లాసులు. ఆ రెండు రోజులూ మధ్యాహ్నం తినడం మానేశానని, నీళ్లు తాగి సరిపెట్టుకుంటున్నానని మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. నాకు గుండె పిండేసినట్టయింది. బ్యాగులోంచి కాగితాలు తీస్తుంటే ఫైనాన్షియల్ ఎయిడ్ లెటర్ బయటపడింది. అందులో కింద ఒక లైను: ఫెడరల్ వర్క్-స్టడీ, అంటే చదువుకుంటూ పార్ట్‌టైమ్ పనిచేసి సంపాదించుకునేందుకు ప్రభుత్వం డబ్బిచ్చే పథకం. ఆ ఒక్క లైనుతో ఆమెకు స్నాప్ వచ్చే దారి ఉంది. మూడు నెలలుగా ఆ కాగితం ఆమె బ్యాగులోనే నలుగుతోంది.

ఈమె ఒక్కతే కాదు. అమెరికన్ కాంగ్రెస్ తరఫున లెక్కలు తేల్చే జీఏఓ సంస్థ 2024లో ఒక నివేదిక ఇచ్చింది. 2020 లెక్కల ప్రకారం స్నాప్‌కు అర్హత ఉండే అవకాశమున్న కాలేజీ విద్యార్థులు సుమారు 33 లక్షలు. వాళ్లలో 67 శాతం మంది ఆ సాయం అందుకుంటున్నట్టు చెప్పలేదు. ప్రతి ముగ్గురిలో ఇద్దరన్నమాట. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను. కాలేజీలో సగం లోడు, అంతకు మించి చదివేవాళ్లకు మామూలుగా స్నాప్ రాదు. ఆ నిబంధన కఠినమైనదే, కానీ దానికి మినహాయింపులు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటి మీకు సరిపోతే చాలు.

ఇక్కడ చెప్పే అంకెలు 2025 అక్టోబరు నుంచి 2026 సెప్టెంబరు దాకా అమల్లో ఉండేవి. ఏటా అక్టోబరులో మారతాయి. అలాస్కా, హవాయిలకు లెక్కలు వేరు.

మొదట ఇమిగ్రేషన్ స్టేటస్ చూసుకోండి

మన తెలుగు పిల్లల్లో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు కాబట్టి దీన్నే ముందు చెబుతున్నాను. ఎఫ్-1 వీసా మీద చదువుతున్నవారికి స్నాప్ రాదు. హెచ్-4, జే-1, హెచ్-1బీ వారికీ రాదు. దీనికి మినహాయింపులు లేవు. ఎవరో స్నేహితుడు "ట్రై చేసి చూడు, పోయేదేముంది" అంటే వినకండి. ఫారంలో అమెరికా పౌరుణ్నని తప్పుగా టిక్ పెడితే, ఆ ఒక్క అబద్ధం మీ ఇమిగ్రేషన్ భవిష్యత్తు మొత్తాన్ని మూసేయగలదు. మీకోసం చివర్లో వేరే దారి రాశాను, అక్కడికి వెళ్లండి.

అమెరికా పౌరులైతే స్టేటస్ సమస్య లేదు. ఇక్కడ పుట్టిన పిల్లలంతా ఇందులోకే వస్తారు, అమ్మానాన్నల వీసా ఏదైనా సరే.

గ్రీన్ కార్డు ఉన్న పెద్దవాళ్లు మామూలుగా కార్డు వచ్చాక ఐదేళ్లు ఆగాలి. 18 లోపు వయసువారికి ఆ ఆగడం అక్కర్లేదు. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. సోషల్ సెక్యూరిటీ (జీతంలోంచి కట్టే ప్రభుత్వ పింఛను పథకం) లెక్కలో 40 క్వార్టర్ల పని ఉంటే ఐదేళ్లు ఆగనక్కర్లేదు. ఆ 40 క్వార్టర్లూ మీరే పనిచేసి ఉండాలని లేదు. మీకు 18 ఏళ్లు నిండకముందు మీ అమ్మానాన్నలు చేసిన పని కూడా మీ లెక్కలో కలుస్తుంది. ఏడాదికి నాలుగు క్వార్టర్లు. ఇద్దరూ ఉద్యోగం చేసి ఉంటే ఐదేళ్లకే 40 అవుతాయి. హెచ్-1బీ మీద ఏళ్లతరబడి పనిచేసి, ఆలస్యంగా గ్రీన్ కార్డు వచ్చిన మన కుటుంబాలకు ఇది సరిగ్గా అతికినట్టు సరిపోతుంది. నాన్న ఉద్యోగం పోయి ఇంట్లో ఇబ్బందిగా ఉన్న పిల్లలు దీన్ని తప్పకుండా చూసుకోవాలి.

2025 జులైలో వచ్చిన కొత్త చట్టంతో శరణార్థులకు, అసైలం పొందినవారికి నేరుగా స్నాప్ రావడం ఆగింది. వాళ్లకిప్పుడు గ్రీన్ కార్డు కావాలి.

రెండోది: విద్యార్థి నిబంధన అసలు మీకు వర్తిస్తుందా?

వయసు 18 నుంచి 49 మధ్య ఉండి, కాలేజీలో సగం లోడు, అంటే హాఫ్-టైమ్, లేదా అంతకంటే ఎక్కువ చదువుతుంటేనే ఈ నిబంధన వర్తిస్తుంది. హాఫ్-టైమ్ అంటే ఎంతో మీ కాలేజీయే చెబుతుంది. డిగ్రీ విద్యార్థులకు చాలాచోట్ల సెమిస్టరుకు 6 క్రెడిట్లు. అంతకంటే తక్కువ తీసుకుంటే ఈ నిబంధన మీ మీద ఉండదు. అయితే పిల్లలు లేని పెద్దవాళ్లకుండే పని షరతు, నెలకు 80 గంటలు, అప్పుడు మీ మీదికొస్తుంది. కాబట్టి దీనికోసం క్రెడిట్లు తగ్గించుకునే ఆలోచన పెట్టుకోకండి.

హైస్కూలు సర్టిఫికెట్ అవసరం లేని కోర్సులు, జీఈడీ (హైస్కూలు పూర్తిచేయనివాళ్లు దానికి బదులు రాసే పరీక్ష), ఇంగ్లీషు నేర్చుకునే క్లాసులు లాంటివి ఈ లెక్కలోకి రావు.

మీల్ ప్లాన్ సంగతి కూడా ఇక్కడే చూడండి. కాలేజీ మీల్ ప్లాన్ మీ భోజనాల్లో సగానికి మించి ఇస్తుంటే స్నాప్ రాదు. వారానికి 21 పూటలనుకుంటే 10 పూటలు దాటకూడదు. డార్మ్‌లో ఉన్నంత మాత్రాన అనర్హత రాదు. వారానికి 7, 10 భోజనాల చిన్న ప్లాన్ ఉన్నవాళ్లు నిశ్చింతగా అప్లై చేయొచ్చు.

మూడోది, అసలైనది: మీ మినహాయింపు ఏది?

ఈ భాగం నిదానంగా చదవండి.

అన్నిటికంటే ముందు వర్క్-స్టడీ. ఫెడరల్ లేదా రాష్ట్ర వర్క్-స్టడీ మీకు మంజూరై, ఈ టర్మ్‌లో పనిచేసే ఉద్దేశం ఉంటే చాలు. వారానికి ఇన్ని గంటలని లెక్క లేదు. అప్లై చేసేనాటికి ఉద్యోగం దొరికి ఉండాలనీ లేదు. టర్మ్ మొదలైన నెల నుంచి, లేదా మంజూరైన నెల నుంచి, ఏది తర్వాతైతే అప్పటినుంచి ఈ మినహాయింపు నడుస్తుంది. వర్క్-స్టడీ ఉద్యోగమిస్తే వద్దన్నారో, మినహాయింపు పోతుంది.

మీ లెటర్‌లో వర్క్-స్టడీ లేకపోతే అక్కడితో వదిలేయకండి. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు వెళ్లి, "నన్ను వర్క్-స్టడీకి పరిశీలించగలరా?" అని అడగండి. ఫాఫ్సా (ఫైనాన్షియల్ ఎయిడ్ కోసం పెట్టే ఫెడరల్ దరఖాస్తు) నింపేటప్పుడు పొరపాటున "వద్దు" అని పెట్టినవాళ్లు, సెమిస్టరు మధ్యలో ఎవరో వదులుకున్న డబ్బు దొరికినవాళ్లు నాకు తెలుసు. అడిగితే పోయేదేమీ లేదు, రెండు నిమిషాల పని.

రెండోది ఉద్యోగం. వారానికి 20 గంటలు జీతానికి పనిచేస్తుంటే సరిపోతుంది. గంటలు వారం వారం మారుతుంటే కొన్ని రాష్ట్రాలు నెలకు 80 గంటలుగా సగటు చూస్తాయి. ఒక వారం 16, ఇంకో వారం 24 అయినవాళ్లు ఈ సంగతి అడగాలి. సొంతంగా పని చేసుకునేవాళ్లు, డెలివరీలు చేసేవాళ్లలాగా, 20 గంటలతోపాటు ఫెడరల్ కనీస వేతనం లెక్కన 20 గంటలకు వచ్చేంత సంపాదన కూడా చూపించాలి. గంటకు 7.25 చొప్పున వారానికి 145 డాలర్లు.

మూడోది పిల్లలు. ఇంట్లో ఆరేళ్లలోపు బిడ్డను చూసుకుంటుంటే మినహాయింపు ఉంది. 6 నుంచి 11 ఏళ్ల బిడ్డ ఉండి, చదువుకీ పనికీ వీలయ్యేలా చైల్డ్ కేర్ దొరక్కపోతే ఉంది. ఫుల్-టైమ్ చదువుతూ 12 ఏళ్లలోపు బిడ్డను ఒంటరిగా పెంచుతున్న తల్లికీ తండ్రికీ ఉంది.

శారీరకంగా, మానసికంగా పనిచేయలేని స్థితి ఉంటే డాక్టరు కాగితంతో మినహాయింపు వస్తుంది. టానిఫ్ (పిల్లలున్న పేద కుటుంబాలకు ప్రభుత్వమిచ్చే సాయం) కింద నగదు అందుతున్నా వస్తుంది.

ఇక ఎవరూ చెప్పనిది ఒకటి. ఉపాధికి పనికొచ్చేవిగా రాష్ట్రం గుర్తించిన కోర్సులు చదివేవారికి కూడా మినహాయింపు ఉంది. న్యూయార్క్, మసాచుసెట్స్, ఇల్లినాయ్, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో కమ్యూనిటీ కాలేజీల్లోని అనేక కెరీర్, టెక్నికల్ కోర్సులకు ఇది వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో ఇలా గుర్తించిన ప్రోగ్రాముల జాబితా పెద్దది. అక్కడే రాష్ట్రం విద్యార్థులకిచ్చే క్యాల్ గ్రాంట్ ఎ గానీ బి గానీ వస్తున్న చాలామందికి, ఆ డబ్బు టానిఫ్ నిధుల నుంచి వస్తే, మినహాయింపు దొరుకుతుంది. ఆ మేరకు లెటర్ కూడా వస్తుంది. దాన్ని పారేయకండి. వర్క్-స్టడీ లేదు, ఉద్యోగం లేదు, పిల్లలు లేరు అనుకునేవాళ్లు ఆశ వదులుకునే ముందు కాలేజీలో తిండి, ఇల్లు లాంటి అవసరాలు చూసే బేసిక్ నీడ్స్ ఆఫీసులో "నా కోర్సు ఈ జాబితాలో ఉందా?" అని ఒక్కసారి అడగండి.

నాలుగోది: మీ హౌస్‌హోల్డ్‌లో ఎవరెవరు?

స్నాప్ దృష్టిలో హౌస్‌హోల్డ్ అంటే ఒకే కప్పు కింద ఉండేవాళ్లు కాదు, కలిసి సరుకులు కొని కలిసి వండుకునేవాళ్లు. అపార్ట్‌మెంట్లో నలుగురుండి, ఎవరి గిన్నె వారిదైతే, ఎవరికి వారే ఒక హౌస్‌హోల్డ్.

మన పిల్లల ఇళ్లలో సంగతి వేరు. ఫ్రిజ్ మీద వంట వంతుల చార్టు అంటించి ఉంటుంది. సోమవారం ఒకరు పప్పు, మంగళవారం ఇంకొకరు సాంబారు. నెలాఖరుకి స్ప్లిట్‌వైజ్‌లో లెక్కలు. అలా కలిసి తింటే కలిసే చూపించాలి. లేనిపోనిది చెప్పొద్దు. భయపడాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే వాళ్లలో మినహాయింపు లేని విద్యార్థి ఉంటే అతణ్ని హౌస్‌హోల్డ్‌లోంచి తీసేస్తారు, అతని ఆదాయమూ కలపరు.

22 ఏళ్లు నిండకుండా అమ్మానాన్నలతో ఉంటుంటే మాత్రం విడిగా వండుకున్నా వాళ్లతో కలిపే చూస్తారు. ఊరు మారి కాలేజీ దగ్గర ఉంటే మీరు వేరు. పన్నుల్లో నాన్న మిమ్మల్ని డిపెండెంట్‌గా చూపించినంత మాత్రాన ఇక్కడ అడ్డు రాదు.

ఐదోది: ఎంత వస్తుంది?

ఒక్కరే ఉండే హౌస్‌హోల్డ్‌కు నెల గ్రాస్ ఆదాయం (కోతలకు ముందున్నది) 1,696 డాలర్లు దాటకూడదు. చాలా రాష్ట్రాలు ఈ గీతను పైకి జరిపాయి. టెక్సస్‌లో దారిద్ర్యరేఖకు 165 శాతం, న్యూజెర్సీలో 185, కాలిఫోర్నియాలో 200 శాతం. ఒక్కరికి గరిష్ఠంగా నెలకు 298 డాలర్లు వస్తాయి. అర్హత ఉంటే ఒకరిద్దరున్న ఇంటికి కనీసం 24 వస్తాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. కాఫీ షాపులో వారానికి 20 గంటలు, గంటకు 15 డాలర్లు. నెలకు 4.3 వారాలనుకుంటే 1,290. జీతంలో 20 శాతం తీసేస్తారు, మిగిలేది 1,032. అందరికీ ఇచ్చే 209 తగ్గింపు పోతే 823. మీ వాటా అద్దె 600 అనుకుందాం. 823లో సగానికి మించిన అద్దె, అంటే సుమారు 188, అదీ తగ్గుతుంది. మిగిలే 635లో 30 శాతం మీరు తిండికి పెట్టుకోగలరని వాళ్ల ఊహ. 298లోంచి ఆ 191 తీసేస్తే 107 డాలర్లు చేతికొస్తాయి. కరెంటు, హీటింగ్ బిల్లులు మీరే కడుతుంటే ఇంకాస్త పెరుగుతుంది. అందుకే అద్దెతో పాటు ఆ బిల్లులు కూడా చెప్పాలి.

అదే విద్యార్థి అదే డబ్బు ఫెడరల్ వర్క్-స్టడీలో సంపాదిస్తే? ఆ జీతాన్ని ఆదాయంగా లెక్కేయరు. వేరే రాబడి లేకపోతే మొత్తం 298 వస్తుంది. పెల్ గ్రాంటు (తక్కువ రాబడి విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వమిచ్చే సాయం), ఫెడరల్ స్టూడెంట్ లోన్లు కూడా లెక్కలోకి రావు. "నాకు లోన్ వచ్చింది కదా, ఇంక ఇవ్వరు" అనుకుని ఆగిపోయినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఇంటినుంచి అమ్మ ప్రతినెలా చేతికి పంపే డబ్బు మాత్రం ఆదాయమే, చెప్పాలి.

ఆరోది: అప్లికేషన్

మీరు ప్రస్తుతం ఉంటున్న రాష్ట్రంలో అప్లై చేయాలి, అమ్మానాన్నల రాష్ట్రంలో కాదు. అప్లై చేసే ప్రభుత్వ సైట్లు ఇవి: కాలిఫోర్నియాకు బెనిఫిట్స్‌క్యాల్, టెక్సస్‌కు యువర్ టెక్సస్ బెనిఫిట్స్, ఇల్లినాయ్‌కి ఏబీఈ, జార్జియాకు జార్జియా గేట్‌వే, మిషిగన్‌కు ఎంఐ బ్రిడ్జెస్, పెన్సిల్వేనియాకు కంపాస్. పేరు ఏదైనా అప్లై చేయడానికి ఫీజు ఉండదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.

కాగితాలన్నీ దొరికాక చేద్దామని రోజులు గడపకండి. పేరు, అడ్రసు, సంతకం ఉంటే చాలు, అప్లికేషన్ తీసుకోవాల్సిందే. అర్హత తేలితే సాయం ఆ తేదీ నుంచే లెక్కవుతుంది. మిగతావి తర్వాత జతచేయొచ్చు.

దగ్గర పెట్టుకోవాల్సినవి: ఫొటో ఐడీ, సోషల్ సెక్యూరిటీ నంబరు, గ్రీన్ కార్డైతే దాని రెండు వైపులా ఫొటో, గత 30 రోజుల పే స్టబ్బులు, లీజు లేదా అద్దె ఎంతో చూపించే కాగితం, కరెంటు బిల్లు, కాలేజీ ఎన్‌రోల్‌మెంట్ రుజువు. వీటన్నిటికంటే ముఖ్యం మీ మినహాయింపు రుజువు: వర్క్-స్టడీ ఉన్న ఎయిడ్ లెటరో, 20 గంటలు కనిపించే పే స్టబ్బులో, కోర్సు జాబితాలో ఉందని కాలేజీ ఇచ్చే ఫారమో.

మామూలుగా 30 రోజుల్లో తేలుస్తారు. చేతిలో 100 డాలర్లకు మించి లేక, ఆ నెల రాబడి 150 కంటే తక్కువైతే 7 రోజుల్లో ఇవ్వాలి. నెల రాబడి, చేతిలో ఉన్నది కలిపినా అద్దెకూ బిల్లులకూ చాలకపోతే కూడా ఇదే వేగం. ఫారంలో ఆ ప్రశ్నలు మొదట్లోనే ఉంటాయి, హడావిడిలో దాటేయకండి.

ఏడోది: ఇంటర్వ్యూ

చాలావరకు ఫోన్లోనే. తెలియని నంబరని కట్ చేసి అప్లికేషన్ పోగొట్టుకున్నవాళ్లు ఎంతమందో. ఆ వారం ప్రతి ఫోనూ ఎత్తండి. వాయిస్‌మెయిల్ నిండిపోయి ఉంటే ఖాళీ చేయండి. మీకో, మీతోపాటు అప్లై చేసిన అమ్మకో ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, డబ్బు తీసుకోరు.

టెన్షన్ పడకుండా మొదటే ఈ మాట చెప్పండి: "నేను హాఫ్-టైమ్ కంటే ఎక్కువ చదువుతున్నాను, నాకు ఫలానా మినహాయింపు ఉంది, రుజువు అప్‌లోడ్ చేశాను." అవతలివాళ్ల దగ్గర వందల ఫైళ్లుంటాయి. మీరు చెప్పకపోతే "స్టూడెంట్" అన్న టిక్ చూసి తిరస్కరించే ప్రమాదం ఉంది.

పైన చెప్పిన అమ్మాయికి మొదట తిరస్కరణే వచ్చింది, వర్క్-స్టడీ గురించి ఎవరూ అడగనే లేదు. అలా జరిగితే లెటర్‌లో కారణం చదవండి. ఫోన్ చేసి, విద్యార్థుల నిబంధన ఫెడరల్ నిబంధనల పుస్తకంలో 7 సీఎఫ్ఆర్ 273.5 దగ్గర ఉందని, అందులో మీ మినహాయింపు ఏదో చెప్పండి. మాట వినకపోతే 90 రోజుల్లోపు ఫెయిర్ హియరింగ్, అంటే ఆ నిర్ణయం మీద విచారణ, అడిగే హక్కుంది. లాయరు అక్కర్లేదు, కావాలంటే లీగల్ ఎయిడ్ వాళ్లు ఉచితంగా వస్తారు. ఆమె విషయంలో అంతదూరం పోలేదు. లెటర్ మళ్లీ పంపి, సూపర్‌వైజరుతో మాట్లాడితే పది రోజుల్లో కార్డు వచ్చింది.

కార్డు వచ్చాక

స్నాప్ డబ్బు వేసే ఈబీటీ కార్డు చూడ్డానికి డెబిట్ కార్డులాగే ఉంటుంది. పిన్ పెట్టుకుని గీకడమే. వెనకాల క్యూలో ఉన్నవాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడే పిల్లలకు నేను చెప్పేది ఇదే: ఎవరూ గమనించరు.

ఈబీటీ తీసుకునే ఇండియన్ స్టోర్లు ఉన్నాయి. సోనా మసూరి, కందిపప్పు, పెరుగు, బెండకాయలు, కరివేపాకు, ఆవకాయ సీసా, ఫ్రోజెన్ పరోటా అన్నీ కొనొచ్చు. కౌంటర్లో వేడివేడిగా ఇచ్చే సమోసా, దోసె కుదరవు. అగరొత్తులు, సబ్బులు, మందులు కూడా అంతే. 2026 నుంచి కొన్ని రాష్ట్రాల్లో కూల్‌డ్రింకులు, క్యాండీ కూడా కొనలేరు. తినే మొక్కలు, విత్తనాలు కొనొచ్చన్న సంగతి ఎవరికీ తెలియదు. బాల్కనీ ఉంటే తోటకూర, టమాటా విత్తనాలు తెచ్చుకోండి. వాల్‌మార్ట్, అమెజాన్‌లో ఆన్‌లైన్లోనూ కార్డు పనిచేస్తుంది, డెలివరీ చార్జీకి మాత్రం వాడలేరు. చాలాచోట్ల రైతుబజార్లలో డబుల్ అప్ పథకం కింద కూరగాయలకు కొన్న మొత్తానికి సమానంగా వాళ్లు కలుపుతారు.

మిగిలిన డబ్బు పై నెలకు వెళుతుంది. తొమ్మిది నెలలపాటు కార్డు వాడకపోతే పోతుంది. పిన్ అప్పుడప్పుడు మార్చండి, కార్డు గీకే మిషన్లకు దొంగ పరికరాలు పెట్టి డబ్బు కొట్టేయడం పెరిగింది. స్నాప్ ఉన్నవాళ్లకు లైఫ్‌లైన్ కింద ఫోన్ బిల్లులో నెలకు 9.25 డాలర్ల దాకా తగ్గుతుంది, అదీ అడగండి.

సెలవుల దగ్గర జాగ్రత్త. వేసవిలో క్లాసులు లేకపోయినా, తర్వాతి టర్మ్‌లో చేరే ఉద్దేశం ఉంటే మీరు విద్యార్థే. కానీ పూర్తి నెల గానీ అంతకు మించి గానీ ఉండే సెలవుల్లో వర్క్-స్టడీ పని చేయకపోతే ఆ మినహాయింపు ఆగిపోతుంది. అందుకే ఏప్రిల్‌లోనే ఆలోచించుకోండి: వేసవిలో 20 గంటల ఉద్యోగమా, వర్క్-స్టడీ కొనసాగింపా? రీసర్టిఫికేషన్, అంటే అర్హతను మళ్లీ చూపించుకునే, తేదీ లెటర్‌లో ఉంటుంది. దానికి నెల ముందుగా ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి.

ఎఫ్-1 పిల్లలకు, కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు

క్యాంపస్ ఫుడ్ ప్యాంట్రీకి వెళ్లండి. 1993లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో విద్యార్థుల కోసం ఫుడ్ బ్యాంకు మొదలైంది. ఇప్పుడు వందల క్యాంపసుల్లో ప్యాంట్రీలు ఉన్నాయి. చాలాచోట్ల స్టూడెంట్ ఐడీ చూపిస్తే చాలు, వీసా సంగతి అడగరు. ప్రభుత్వం మూతపడి 2025 నవంబరులో స్నాప్ డబ్బు ఆగిపోయినప్పుడు కార్డున్నవాళ్లు కూడా ప్యాంట్రీలకే వెళ్లారు. కొన్ని కాలేజీల్లో తోటి విద్యార్థులు వదిలేసిన మీల్ స్వైపులు అవసరమున్నవాళ్ల కార్డులోకి వేస్తారు. డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసులో అత్యవసర నిధి ఉంటే దానికీ అప్లై చేయొచ్చు.

ప్యాంట్రీకి మొదటిసారి వెళ్లినప్పుడు తాజా కూరగాయలు, గుడ్లు ఏ రోజు వస్తాయో కౌంటర్లో అడగండి. ఆ రోజు తలుపు తీసే టైముకే వెళ్లండి. బియ్యం, శనగలు, రాజ్మా దాదాపు ఎప్పుడూ ఉంటాయి. పప్పులు, మసాలాలు కావాలని అక్కడి చీటీలో రాసిపెట్టండి. మాకు తెలిసిన ఒక క్యాంపస్‌లో పిల్లలు అలా రాస్తూపోతే రెండో సెమిస్టరుకల్లా అరలో కందిపప్పు, పసుపు వచ్చాయి.